ఈ చీమలు ఎవరివి?

మెల్‌బోర్న్‌లో ఎనిమిది నెలలు ఆన్‌సైట్ ఉన్నప్పుడు శనివారాలు ఏం చెయ్యాలో తోచేది కాదు. ఫెడరేషన్ స్క్వేర్ దగ్గర నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియా వాళ్ళ భవనం ఒకటుంది, ఆస్ట్రేలియా కళంతా అందులో పెట్టారు. టికెట్ లేదు, లోపల చల్లగా ఉంటుంది. మొదటిసారి వెళ్ళడానికి ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదని ముందే ఒప్పేసుకుంటున్నాను.

అక్కడ ఒక గోడంతా ఒకే బొమ్మ. ఎనిమిది మీటర్ల పొడవు, దాదాపు మూడు మీటర్ల ఎత్తు. నల్లటి కాన్వాస్ మీద తెల్లటి గీతలు మెలికలు తిరుగుతూ, ఒకదాన్నొకటి దాటుకుంటూ, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తెలియకుండా ఉన్నాయి. ఎమిలీ కామె ఉంగ్వరే అనే ఆవిడ 1995లో వేసిన 'బిగ్ యామ్ డ్రీమింగ్'. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. కాన్వాస్‌ని నేల మీద పరిచి, దాని మీదే కూర్చుని, రెండు రోజుల్లో వేసేసిందట. నాకు వెంటనే మా వాకిలి గుర్తొచ్చింది. ఫోటో తీసి "చూడు, ఆస్ట్రేలియాలో ముగ్గు" అని అమ్మకి వాట్సాప్ చేశాను. అమ్మ రిప్లై: "చుక్కల్లేవు కదరా. ముగ్గెట్లా అవుతుంది?"

ఆ రోజు నవ్వుకుని ఊరుకున్నాను. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాక ఆ మెసేజ్‌లో ఉన్న విమర్శ అర్థమైంది. కొత్తగా ఏది కనిపించినా మనకి తెలిసిన దాని పేరు పెట్టేస్తాం. పెట్టిన మరుక్షణం చూడ్డం మానేస్తాం. అవి ఆవిడ ఊరి భూమి కింద పాకే ఒకరకం దుంప తీగల గీతలు. వాన పడ్డాక నేల పగుళ్ళిచ్చి, కింద దుంప ఉందని చెప్పే గీతలు. 'కామె' అన్న ఆవిడ పేరు కూడా ఆ దుంప విత్తనాల పేరే. అంటే అది అలంకారం కాదు. ఆవిడ పేరు, ఊరు, తిండి, వంశం అన్నీ కలిపి గీసిన గీత. ముగ్గు అనేసి నేను అవన్నీ చెరిపేశాను.

ఆ గోడ ముందు నుంచే నాకీ పిచ్చి పట్టుకుంది. తర్వాతి వారాల్లో లైబ్రరీలో దొరికిందల్లా చదివాను. వాటిలో అన్నింటికంటే పెద్దది, చేతులు నొప్పెట్టేంత బరువున్నది, జెఫ్రీ బార్డన్ తన సోదరుడు జేమ్స్‌తో కలిసి తయారు చేసిన 'పపున్యా: ఎ ప్లేస్ మేడ్ ఆఫ్టర్ ద స్టోరీ'. బార్డన్ 2003లో పోయాడు, పుస్తకం 2004లో వచ్చింది. దాన్ని మొదటిసారి నేను తప్పుగా చదివాను. ఎలా తప్పుగా చదివానన్నదే ఈ వ్యాసం.

ముందు కథ చెప్తాను.

ఆస్ట్రేలియా నట్టనడుమ ఎడారిలో ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఊరు. దానికి వాయవ్యంగా సుమారు 240 కిలోమీటర్ల దూరంలో పపున్యా. అది ప్రభుత్వం కట్టిన సెటిల్‌మెంట్. పింటుపి, లురిజ, వాల్పిరి, అన్మజెర, అరెంట, ఇలా వేరువేరు భాషల, వేరువేరు నేలల మనుషుల్ని తెచ్చి ఒకచోట ఉంచారు. మీరు మీలా ఉండడం మానేసి మాలా మారిపోండి అన్నది అప్పటి విధానం. వంట ఉమ్మడి వంటశాలలో, భాష ఇంగ్లీషు, బళ్ళో పాఠం సిడ్నీ పిల్లలకి చెప్పేదే. 1971 మొదట్లో ఆ బడికి ఆర్ట్ టీచర్‌గా ముప్ఫై ఏళ్ళ బార్డన్ వచ్చాడు. పిల్లలు క్లాసులో కౌబాయ్ బొమ్మలు గీసేవాళ్ళు. బయటికెళ్ళి ఇసకలో కూర్చుంటే మాత్రం వేళ్ళతో వేరే ఏవో గీస్తూ కథలు చెప్పుకునేవాళ్ళు. వృత్తంలో వృత్తం అంటే ఒక చోటు, నీళ్ళ మడుగో మకామో. ఇంగ్లీషు 'యూ' లాంటి గీత అంటే అక్కడ కూర్చున్న మనిషి. మనిషి నేల మీద బాసీపట్టు వేసుకుని కూర్చుని లేచాక ఇసకలో మిగిలే గుర్తు అది. ఆ గీతల్ని క్లాసులోకి తెచ్చుకోండి అన్నాడు బార్డన్. బడి గోడ మీద బొమ్మ వేద్దాం అన్నాడు.

పిల్లలు వెనక్కి తగ్గారు. బడి ఆవరణ ఊడ్చే, చెట్లు చూసుకునే పెద్దవాళ్ళు ముందుకొచ్చారు. ఆ గీతలు పిల్లలవి కావు, వాళ్ళవి. ఏ కథ వెయ్యొచ్చో, ఎవరు వెయ్యొచ్చో, ఎంత వరకు వెయ్యొచ్చో తేల్చుకోడానికి వాళ్ళలో వాళ్ళు చాలా మాట్లాడుకున్నారు. చివరికి ఆ చోటు కథే వెయ్యాలనుకున్నారు, తేనె చీమ కథ. వాళ్ళు చుకుర్ప అంటారు, ఇంగ్లీషులో డ్రీమింగ్ అని అనువదించి అందర్నీ తికమక పెట్టారు. అది కల కాదు. పూర్వీకులు తిరిగి నేలని, నీళ్ళని, కొండల్ని చేసిన కాలం. ఇప్పటికీ నడుస్తున్న ధర్మం కూడా.

గోడ మీద కాపా చంపిజిన్పా చీమల్ని మొదలుపెట్టాడు. కళ్ళు, కాళ్ళు, పొట్టతో, సైన్సు పుస్తకంలో ఉండేలాంటి చీమలు. బార్డన్ చూసి, ఇవి మీ చీమలా, తెల్లవాళ్ళ చీమలా అని అడిగాడు. కాపా కాసేపు మిగతావాళ్ళతో మాట్లాడాడు. వచ్చి, తెల్లవాళ్ళ చీమల్ని చెరిపేసి, చీమ గుర్తులు, దారులు, వృత్తాలు వేశాడు.

ఇంతే కథ. ఆ తర్వాత ఏడాదిలో పాత మేసొనైట్ ముక్కలు, లినోలియం ముక్కలు, పెట్టెల చెక్కలు, చేతికి దొరికిన ప్రతి చదునైన దాని మీదా వాళ్ళు వందల బొమ్మలు వేశారు. 1972లో పపున్యా తులా ఆర్టిస్ట్స్ అనే కంపెనీ పెట్టుకున్నారు, చిత్రకారులే దాని యజమానులు. ఇవాళ్టికీ నడుస్తోంది. ఇప్పుడు ప్రపంచమంతా ఆదివాసీ చిత్రకళ అనగానే గుర్తొచ్చే ఆ చుక్కల బొమ్మల ఉద్యమానికి మొదలు ఆ గోడే అంటారు.

ఇండియాకి తిరిగొచ్చాక మా ఆఫీసులో సీనియర్లకి మెంటరింగ్ మీద ఒక సెషన్ పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. నేను ఈ చీమల కథ చెప్పాను. మంచి టీచర్ జవాబు చెప్పడు, ఒక ప్రశ్న అడిగి చేతులు జేబులో పెట్టుకుంటాడు అన్నాను. డాక్టరైనా, క్రికెట్ కోచ్ అయినా, సంగీతం మాస్టారైనా, కోడ్ రివ్యూ చేసే మనమైనా అంతే అన్నాను. చప్పట్లు కొట్టారు. స్లైడ్ మీద ఒక చీమ బొమ్మ కూడా పెట్టాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సెషన్ అయ్యాక నా టీమ్‌లోనే రెండేళ్ళుగా పనిచేస్తున్న అమ్మాయి టీ మెషిన్ దగ్గర నిలబడి, చాలా మర్యాదగా, "అన్నా, పోయిన నెల నా మాడ్యూల్ మీరు రివ్యూ చేశారు కదా, దాంట్లో చీమలన్నీ మీవే" అంది.

నిజమే. ఆ రాత్రి ఇంటికెళ్ళి చూశాను. నలభై మూడు కామెంట్లు పెట్టాను. చివర్లో ఓపిక లేక నేనే బ్రాంచ్ తీసుకుని సగం తిరగరాసి, ఆ అమ్మాయి పేరు మీదే మెర్జ్ చేశాను. నా దృష్టిలో అది సాయం. ఆ అమ్మాయి నాకు థాంక్స్ కూడా చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది, అప్రైజల్ నా చేతిలో ఉంది.

ఆ మాట తర్వాత బార్డన్ పుస్తకాన్ని మళ్ళీ చదివాను. ఈసారి టీచర్‌ని కాదు, కాపాని చూస్తూ చదివాను. మొదటి చదువులో కనపడని బొక్కలు చాలా కనిపించాయి.

మొదటిది, కాపాకి బొమ్మలు వెయ్యడం బార్డన్ నేర్పలేదు. బార్డన్ రాకముందే ఆయన వేస్తున్నాడు. గోడ మీద పని నడుస్తున్న ఆ 1971లోనే, ఆగస్టులో, ఆలిస్ స్ప్రింగ్స్‌లో జరిగిన కాల్టెక్స్ పోటీలో కాపా బొమ్మకి మొదటి బహుమతి వచ్చింది, ఇంకొకరితో పంచుకున్నా సరే. క్లిఫర్డ్ పోసమ్ చపల్చారి అప్పటికే పేరున్న కొయ్య శిల్పి. చరిత్రకారిణి వివియన్ జాన్సన్ లాంటి వాళ్ళు ఇదే చెప్తూ వచ్చారు. ఖాళీ గోడలా పడి ఉన్న మనుషుల దగ్గరికి ఒక తెల్ల టీచర్ వచ్చి దీపం వెలిగించాడన్న కథ వినడానికి బావుంటుంది. అందుకే నేనూ దాన్ని స్లైడ్ మీద పెట్టాను. బార్డన్ మోసగాడని కాదు. పుస్తకమంతా ఆయన ఆ మనుషుల్ని ప్రేమించిన తీరు, ఒక్కో బొమ్మని ఒక్కో రేఖాచిత్రంగా రాసి పెట్టుకున్న శ్రద్ధ చూస్తే అలా అనలేం. ఆయన పడ్డ కష్టం కూడా చిన్నది కాదు. అధికారులతో పోరాటం, డబ్బు దగ్గర గొడవలు, చివరికి 1972 మధ్యలో ఆరోగ్యం పూర్తిగా పాడై పపున్యా వదిలేశాడు. అక్కడ ఉన్నది మొత్తం ఏడాదిన్నర. కానీ కథని మనం వాడుకునే తీరులో గురువు పెద్దగా, మిగతావాళ్ళు చిన్నగా అయిపోతారు.

రెండోది ఇంకా ఇబ్బంది పెట్టింది. ఆ చీమల ప్రశ్న నిజంగా ప్రశ్నేనా? మీ చీమలా, తెల్లవాళ్ళ చీమలా అని జీతమిచ్చే బడిలో టీచర్, ఆ బడి ఊడ్చే పనిలో ఉన్న మనిషిని అడిగితే, సరైన జవాబేదో ఇద్దరికీ తెలుసు. బార్డన్ తెల్లవాళ్ళ తరహా బొమ్మలు వద్దని గట్టిగా పట్టుబట్టేవాడు, ఆయనే రాసుకున్నాడు. ఉద్దేశం మంచిదే. మీరు మీలాగే ఉండండి అని ఆ సెటిల్‌మెంట్‌లో చెప్పిన మొదటి ప్రభుత్వ ఉద్యోగి బహుశా ఆయనే. అయినా 'మీలాగే ఉండండి' అన్నది కూడా ఒక ఆజ్ఞే. మన కథల్ని ఇంగ్లీషులో వేసేవాళ్ళు "కొంచెం నేటివిటీ పెంచండి" అన్నప్పుడు మన రచయితలకి కలిగే చిరాకు తెలిసినవాళ్ళకి ఇది విడిగా చెప్పక్కర్లేదు.

దీని పక్కన ఇంకో గురుశిష్యుల కథ పెట్టి చూడాలి. 1936లో రెక్స్ బాటర్బీ అనే తెల్ల చిత్రకారుడు హెర్మన్స్‌బర్గ్ మిషన్ దగ్గర కొండలకి బొమ్మలు వెయ్యడానికి వచ్చాడు. అతనికి ఒంటెలు తోలి దారి చూపించడానికి ఆల్బర్ట్ నమట్జీరా కుదిరాడు. బదులుగా నాకు నీటిరంగులు నేర్పాలి అన్నాడు. రెండు నెలల్లో నేర్చేసుకున్నాడు. బాటర్బీ రంగు నేర్పాడు, ఆ నేలని నమట్జీరా చూపించాడు. నాకు తెలిసిన గురుశిష్య బేరాల్లో ఇంత నిక్కచ్చిది ఇంకోటి లేదు. 1938లో మెల్‌బోర్న్‌లో నమట్జీరా ప్రదర్శన పెడితే బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. కానీ విమర్శకులు చాలాకాలం పెదవి విరిచారు. ఇవి తెల్లవాళ్ళ బొమ్మల నకళ్ళు, ఇందులో ఆదివాసీతనం ఏదీ అన్నారు. ఆ తెల్లటి యూకలిప్టస్ మానులు, ఆ ఊదారంగు కొండలు అతని పూర్వీకుల చోట్లని, అతను గీస్తున్నది కూడా చుకుర్పనే అని ఒప్పుకోడానికి దశాబ్దాలు పట్టింది. అంటే ఒకాయన 'తెల్ల చీమలు' వేసి కూడా తన చీమల్నే వేశాడు. బార్డన్ ప్రశ్నకి అతని దగ్గర మూడో జవాబు ఉండేది.

అతనికి జరిగింది కూడా చెప్పాలి. 1957లో అతనికి పూర్తి పౌరహక్కులు ఇచ్చారు, అతని బంధువులకి ఇవ్వలేదు. అతను మందు కొనొచ్చు, తనవాళ్ళతో పంచుకుంటే నేరం. ఎడారి మనిషికి పంచుకోకపోవడం తప్పు. 1958లో ఆ నేరానికే కేసు పెట్టి శిక్ష వేశారు. శిక్ష అనుభవించింది ఎక్కడో తెలుసా? పపున్యాలో. రెండు నెలల తర్వాత బయటికొచ్చి, 1959 ఆగస్టులో చనిపోయాడు. పన్నెండేళ్ళ తర్వాత అదే పపున్యా గోడ మీద తేనె చీమలు వచ్చాయి. బార్డన్ కథ చెప్పేటప్పుడు దీన్ని వదిలేస్తే కథ ఎంత తేలికైపోతుందో నేను నా సెషన్‌లో రుజువు చేశాను. చనిపోయాక కూడా అయిపోలేదు. నమట్జీరా బొమ్మల కాపీరైట్‌ని 1983లో ప్రభుత్వ ట్రస్టీ ఒక ప్రచురణ సంస్థకి 8,500 డాలర్లకి అమ్మేశాడు, కుటుంబంతో సంబంధం లేకుండా. అది వాళ్ళకి తిరిగొచ్చింది 2017లో.

ఇక బజారు సంగతి. ఇక్కడ అంకెలే మాట్లాడతాయి కాబట్టి నేను తక్కువ మాట్లాడతాను.

జానీ వరంకుల చుపురుల 1972లో పపున్యాలో ఒక నీళ్ళ కథ వేశాడు, కలిపిన్‌ప అనే చోటుది. నూటయాభై డాలర్లకి అమ్ముడుపోయింది. 1997లో సదబీస్ వేలంలో అదే బొమ్మ 2,06,000 డాలర్లు. 2000లో మళ్ళీ వేలం, 4,86,500. చిత్రకారుడు అప్పటికింకా బతికే ఉన్నాడు, ముసలితనంలో, బీదరికంలో. ఆ డబ్బులో ఒక్క డాలరు ఆయనకివ్వాలని ఏ చట్టమూ లేదు. 2001లో పోయాడు. క్లిఫర్డ్ పోసమ్ 1977లో వేసిన 'వర్లుగులాంగ్' కథ ఇంకా విచిత్రం. ఒక బ్యాంకు దాన్ని 1,200 డాలర్లకి కొని తన శిక్షణ కేంద్రం క్యాంటీన్‌లో తగిలించింది. ఏళ్ళ తరబడి ట్రైనీలు దాని కింద కూర్చుని భోంచేశారు. 1996లో 39,600కి అమ్మేసింది. 2007 జులైలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియా దాన్ని 24 లక్షల డాలర్లకి కొంది. క్లిఫర్డ్ పోయి అప్పటికి ఐదేళ్ళు. అదే ఏడాది మే నెలలో ఎమిలీ బొమ్మ 'అర్త్స్ క్రియేషన్' పది లక్షల డాలర్లు దాటింది. పదేళ్ళ తర్వాత మళ్ళీ అమ్మితే దానికి రెట్టింపు.

2010 జూన్ నుంచి ఆస్ట్రేలియాలో ఒక చట్టం అమలులో ఉంది. బొమ్మ మళ్ళీ చేతులు మారితే, ధర వెయ్యి డాలర్లో ఆపైనో ఉంటే, అందులో ఐదు శాతం చిత్రకారుడికి, లేదా వారసులకి. వర్లుగులాంగ్ మీద అప్పుడే ఉండి ఉంటే లక్షా ఇరవై వేల డాలర్లు ఆ కుటుంబానికి వచ్చేవి. మంచి చట్టమే. కాకపోతే చట్టం రాకముందు కొన్న బొమ్మ తర్వాత మొదటిసారి చేతులు మారితే వర్తించదు. పాతవాళ్ళకి మళ్ళీ సున్న.

ధరలు పెరగడం గురించి నాకు ఫిర్యాదు లేదు. బొమ్మ గొప్పది, ధర ఉండాలి. నాకు గుచ్చుకునేది వేరే. బజారు ఒక బొమ్మని ఎంత ఎక్కువకి కొంటే అంత గట్టిగా ఇది ఒక్క చేతి పని అని రుజువు అడుగుతుంది. ఒక మేధావి, ఒక సంతకం, ఒక సర్టిఫికెట్. పుట్టినచోట బొమ్మలు అలా పుట్టలేదు. వర్లుగులాంగ్ కథకే 1976లో వేసిన ఇంకో పెద్ద కాన్వాస్‌ని క్లిఫర్డ్, ఆయన సోదరుడు టిమ్ లూరా కలిసి వేశారు. భార్యలు, కూతుళ్ళు చుక్కలు పెట్టడం ఎడారిలో మామూలే. ఎవరు చుక్క పెట్టారన్నది కాదు అక్కడ లెక్క, ఆ కథ మీద హక్కు ఎవరిదన్నది. వాల్పిరి వాళ్ళలో ఒక ఏర్పాటుంది. కథ తండ్రి వైపు నుంచి సంక్రమించినవాడు కిర్ద, దాని సొంతదారు. తల్లి వైపు నుంచి ఆ కథతో సంబంధం ఉన్నవాడు కుర్దుంగుర్లు, అది సరిగ్గా జరుగుతోందో లేదో చూసేవాడు. ఇద్దరూ లేకుండా పని జరగదు. ఇది చదివినప్పుడు ఓనర్, రివ్యూయర్ కదా అనుకున్నాను. వెంటనే అమ్మ మెసేజ్ గుర్తొచ్చింది, చుక్కల్లేవు కదరా అని. అవును, ఒకటి కాదు. మా రివ్యూయర్ జీతం ఓనర్ కంటే ఎక్కువ. వాళ్ళలో ఒక కథకి కిర్ద అయినవాడే ఇంకో కథకి కుర్దుంగుర్లు. ఇవాళ నన్ను సరిచేసినవాణ్ణి రేపు నేను సరిచేస్తాను. మాలో ఆ చక్రం తిరగదు.

2023లో జరిగిన రభస ఇక్కడికే వస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఏపీవై ఆర్ట్ సెంటర్ కలెక్టివ్ స్టూడియోలో తెల్ల సహాయకులు చిత్రకారుల కాన్వాసుల మీద తామే బొమ్మ వేశారని ఒక పత్రిక వీడియోతో సహా ఆరోపించింది. కలెక్టివ్ కాదంది. నేషనల్ గ్యాలరీ తన ప్రదర్శన వాయిదా వేసి, అందులో పెట్టబోయే బొమ్మల మీద స్వతంత్ర విచారణ వేయించింది. ఆ బొమ్మలు చిత్రకారులవే, నిబంధనలకి సరిపోయాయి అని తేలింది. వాదన మాత్రం ఆగలేదు. యూరప్ స్టూడియోల్లో పేరున్న వాళ్ళకి డజన్ల మంది సహాయకులు ఉంటారు, అక్కడ ఎవరూ వీడియోలు తియ్యరు, ఎడారి ముసలావిడకి మాత్రం బ్రష్ పట్టిన ప్రతి చెయ్యీ లెక్క చెప్పాలా అని కొందరు. అక్కడ అధికారం తలకిందులుగా ఉంది కాబట్టి చెప్పాల్సిందే అని ఇంకొందరు. నాకు రెండూ నిజమే అనిపించాయి.

చేయి ఎవరిదన్నది తేలిక ప్రశ్న. పక్కన నిలబడి సలహా ఇచ్చేవాడికి "వద్దు" అని చెప్పగలిగే స్థితి బొమ్మ వేసే మనిషికి ఉందా లేదా అన్నదే నేను అడగాల్సిన ప్రశ్న. భార్య చుక్కలు పెడుతుంటే చిత్రకారుడు వద్దనగలడు. జీతమిచ్చే మనిషి చుక్క పెడితే అనగలడా? కాపా బార్డన్‌ని వద్దనగలిగేవాడా? పుస్తకంలో దీనికి నేరుగా జవాబు లేదు కానీ ఒక ఆధారం ఉంది. గోడ మీద చీమలు మార్చే ముందు కాపా బార్డన్‌తో కాదు, తనవాళ్ళతో మాట్లాడాడు. ఏ గుర్తు చూపించొచ్చు, ఏది చూపించకూడదు అన్నది ఆ మాటల్లో తేలింది. ఆ మాటల్లో బార్డన్ లేడు, ఉండాలని పట్టుబట్టలేదు కూడా. నా సెషన్‌లో నేను పొగడాల్సింది ఆయన ప్రశ్నని కాదు. వాళ్ళు మాట్లాడుకుంటున్నంత సేపూ ఆయన దూరంగా నిలబడ్డాన్ని.

ఎమిలీ దగ్గరికి వస్తే ఈ గురువు చర్చంతా కాస్త చిన్నబోతుంది. ఆవిడ ఊరు అల్హల్కెరె, యుటోపియా అనే ప్రాంతంలో. 1977లో అక్కడి ఆడవాళ్ళకి బాతిక్ నేర్పే తరగతులు పెట్టారు. మైనం, పట్టు, రంగు. పదేళ్ళు బాతిక్ చేసింది. 1988–89 వేసవిలో, అంటే మన చలికాలంలో, మొదటిసారి కాన్వాస్ చేతికొచ్చింది. 1996లో చనిపోయేలోపు ఎనిమిదేళ్ళలో దాదాపు మూడువేల బొమ్మలు వేసిందని అంచనా. కాన్వాస్ మీద ఎలా వెయ్యాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. నేర్పిందల్లా అంతకుముందు డెబ్భై ఏళ్ళు జరిగింది, ఇసకలో, ఆడవాళ్ళ ఒంటి మీద వేసుకునే గీతల్లో, పాటల్లో. ఆ చదువుకి బయటివాళ్ళెవరూ టీచర్లు కారు. చివరి సంవత్సరాల్లో ఆవిడ చుట్టూ డీలర్లు మూగారు, ఎంతో వేయించుకున్నారు. 2008లో ఒసాకా, టోక్యోల్లో, 2025లో లండన్ టేట్ మోడర్న్‌లో ఆవిడ పెద్ద ప్రదర్శనలు జరిగాయి. పొలాక్‌తో, మోనేతో పోల్చిన రివ్యూలు చదువుతుంటే నవ్వొస్తుంది. వాళ్ళకీ వాళ్ళ ముగ్గులున్నాయన్నమాట.

బొమ్మకి బజారులో కాకుండా ఇంకెక్కడ విలువ కడతారో చూపించే ఉదాహరణ ఒకటుంది, నాకు ఈ చదువంతటిలో బాగా నచ్చింది అదే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రేట్ శాండీ ఎడారి మనుషులు తమ భూమి తమదని రుజువు చెయ్యాల్సి వచ్చింది. కాగితాల్లేవు, ఇంగ్లీషులో వాదించడం కుదరదు. 1997లో అందరూ కలిసి ఎనిమిది మీటర్లకి పది మీటర్ల కాన్వాస్ మీద తమ దేశాన్ని వేశారు, నీటి చెలమలన్నిటితో సహా. నుర్రర కాన్వాస్ అంటారు. ట్రిబ్యునల్ వాళ్ళు వచ్చినప్పుడు దాన్ని నేల మీద పరిచి, ఒక్కొక్కరూ తమ చెలమ వేసిన చోట నిలబడి, తమ భాషలో సాక్ష్యం చెప్పారు. ఆ పటమే వాళ్ళ పట్టా. పదేళ్ళ తర్వాత ఫెడరల్ కోర్టు ఆ భూమి వాళ్ళదేనని తేల్చింది. 2007లో. వర్లుగులాంగ్ 24 లక్షలకి అమ్ముడుపోయిన ఏడాదే. ఆ కాన్వాస్ వేసింది నలభై మందికి పైనే, సంతకం ఎవరిదని ఎవరూ అడగలేదు.

పపున్యా బడి గోడ ఇప్పుడు లేదు. అంటే గోడ పోలేదు, బొమ్మ పోయింది. 1974లో మరమ్మతు పనివాళ్ళు వచ్చి బడికి సున్నం వేసినట్టు దాని మీద రంగు వేసేశారు. బార్డన్ తీసిన ఫోటోలు మాత్రం మిగిలాయి. పుస్తకంలో ఆ ఫోటోల దగ్గర చాలాసేపు ఆగాను. ఎర్రమట్టి నేల, తెల్లగోడ, చేతిలో బ్రష్‌లతో గోడ వైపు తిరిగిన మనుషులు.

టీ మెషిన్ దగ్గర ఆ మాట అన్న అమ్మాయి పోయిన వారం ఇంకో మాడ్యూల్ పంపింది. ఈసారి మూడే కామెంట్లు పెట్టాను, మూడూ ప్రశ్నలే. రెండింటికి ఒప్పుకుని మార్చింది. మూడోదాని కింద, "వద్దన్నా, ఇది ఇట్లనే ఉండాలి" అని రాసి, ఎందుకో నాలుగు లైన్లలో చెప్పింది. అప్రూవ్ కొట్టాను. ఆ ఫంక్షన్‌కి పెట్టిన పేరు నాకు ఇప్పటికీ నచ్చలేదు.